నరం లేని రొయ్య

భీమవరం వైపు చెరువులున్న పెద్దమనుషులు డాలస్‌లో కొడుకింటికి వస్తే, ఉన్న ఆరు నెలలూ చేసే ఉద్యోగం ఒక్కటే: ఫ్రిజ్ తనిఖీ. చేప కనిపిస్తే చాలు, మొప్ప ఎత్తి ఎరుపు చూస్తారు, వేలితో నొక్కి కండ పైకి లేస్తోందో లేదో చూస్తారు, ఆ తర్వాతే బేరానికి దిగుతారు. బేరాల్లేని దేశంలో కూడా.

అలాంటి ఓ పెద్దాయన చేతికి ఒకరోజు కోడలు మొక్కల రొయ్యల ప్యాకెట్ ఇచ్చింది. తిరగేసి మరగేసి చూశారు. తల లేదు, మీసం లేదు, ఒలుద్దామంటే పొట్టు లేదు.

"నల్ల నరం తీసే పని కూడా లేదు మామయ్యగారూ!"

"నరం లేని నాలుక సంగతి తెలుసమ్మా, నరం లేని రొయ్యను ఇప్పుడే చూడ్డం."

దేంతో చేశారయ్యా అంటే కొంజాక్ దుంప. వాకబు చేస్తే అది మన కందకు దగ్గరి దాయాది అని తేలింది. పెళ్లి భోజనంలో కంద బచ్చలి రెండోసారి వడ్డించుకునే మనిషే ఈయన. కంద కందలా వస్తే ఏ పేచీ లేదు, గులాబీ రంగు పూసుకుని వంకర తిరిగి వస్తేనే. నాచు సారం, పెసల ప్రోటీన్ కలిపి రొయ్య చేసినవాళ్లూ ఉన్నారని కొడుకు చెబితే, "పెసలు చేతిలో ఉండగా అట్టు పోసుకోక ఈ అవస్థ ఎందుకురా?" అన్నారు.

నిజం చెప్పొద్దూ, ఆయన పక్షాన న్యాయం లేకపోలేదు. గోంగూరలో వేసి వండారు. గోంగూర తన పని తాను చేసింది, దుంపరొయ్య ఎవరో తెలియనట్టు పక్కన కూర్చుంది. వంద గ్రాముల అసలు రొయ్యలో ఇంచుమించు 20 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, కొంజాక్‌లో దాదాపు ఏమీ ఉండదు.

కాకపోతే, 2009లో మన దేశంలో వనామీ రొయ్యల సాగుకు అనుమతి దొరికిన కొత్తలో, "పసిఫిక్ అవతలి గట్టు నుంచి దిగిన ఈ తెల్లదీ ఓ రొయ్యేనా, మన టైగర్ ముందు?" అని పెదవి విరిచింది కూడా ఈయనే. ఊళ్లో మేడ, కొడుకు చదువు, ఇప్పటి విమానం టిక్కెట్టు, అన్నీ ఆ తెల్లదాని చలవే.

కోడలు ఊరుకోలేదు. "మీ చెరువులో వేసే మేతలో ఏముంటుంది మామయ్యగారూ?"

మేత విషయంలో ఆయన అబద్ధమాడరు. "చేప పొడి... సోయా పిండి."

"అయితే మీదీ సగం మొక్కల రొయ్యేనండీ!"

"అదీ ఇదీ ఒకటెలా అవుతాయమ్మా? మధ్యలో ఓ రొయ్య కష్టపడాలి కదా!"