బావా, కాలర్ ఏదీ?

మా బావమరిదికి ఎట్టకేలకు గోల్ఫ్ క్లబ్బులో సభ్యత్వం వచ్చింది. వాళ్ల పిల్లాణ్ణి బళ్లో వేసిన ఏడు దరఖాస్తు పెట్టాడు. ఆ పిల్లాడిప్పుడు ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఆ సంబరంలో నన్ను ఆదివారం పొద్దున్న టిఫినుకు రమ్మన్నాడు. పెద్దచోటికి పిలిచాడు కదా అని నేనూ పద్ధతిగానే బయల్దేరాను. గంజిపెట్టి ఇస్త్రీ చేయించిన తెల్ల లాల్చీ, పైజామా, కొత్త తోలు చెప్పులు. మా ఆవిడ చూసి "పెళ్లికొడుకులా ఉన్నారు" అని కూడా అంది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత ఆ మాట అనిపించుకోవడం మాటలు కాదు. తీరా గేటు దగ్గర మా బావమరిది నన్ను ఎగాదిగా చూసి మొహం మాడ్చుకున్నాడు.

"బావా, కాలర్ ఏదీ?"

మెడ తడుముకున్నాను. ఆ మెడ మీద తలకాయ ఉందా అని మా ఆఫీసులో చాలామంది అడిగారు గాని, కాలర్ ఉందా అని ఎవరూ అడగలేదు.

పక్కనే నల్లబోర్డు మీద బంగారు అక్షరాలతో నియమావళి ఉంది. కాలర్ లేని చొక్కా కూడదు. జీన్స్ కూడదు. చెప్పులు అసలే కూడదు. నిక్కరు ఫరవాలేదు గాని పక్కజేబులు ఉబ్బి ఉండకూడదు. చొక్కా లోపలికి దోపుకోవాలి, టోపీ గుమ్మం దాటగానే తీసెయ్యాలి. పంచె సంగతి రాయలేదు. పంచె కట్టుకున్నవాడు అంతదూరం వస్తాడని వాళ్ల ఊహకు అంది ఉండదు. "సెక్రటరీగారితో మాట్లాడి వస్తా, ఇక్కడే కూర్చో బావా" అని మావాడు లోపలికి పరిగెత్తాడు. నేను వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. గొప్పలకు పోయేవాణ్ణి మనం కాలర్ ఎగరేస్తున్నాడంటాం. ఎగరేయడానికి ముందు అది ఉండాలన్న ఇంగితం నాకు అప్పుడే కలిగింది.

ఖాళీగా కూర్చున్నవాడికి చరిత్ర గుర్తొస్తుంది. గోల్ఫుకు మొట్టమొదట నియమాలు కాగితం మీద పెట్టింది 1744లో, స్కాట్లండ్‌లోని లీత్ అనే ఊళ్లో. మొత్తం పదమూడు. బంతి నీళ్లలో పడితే ఏం చెయ్యాలి, మనిషికో గుర్రానికో కుక్కకో తగిలి ఆగిపోతే ఎక్కణ్ణుంచి కొట్టాలి, అన్నీ అందులో ఉన్నాయి. కుక్క ఉంది గాని, కనీసం ఆ కుక్కకైనా కాలర్ ఉండాలని ఎక్కడా లేదు.

ఇంకో ముచ్చట లండన్‌లోని వింబుల్డన్ కామన్‌ది. అది ఊరందరి మైదానం. కుక్కల్ని తిప్పేవాళ్లూ పిల్లల్ని తిప్పేవాళ్లూ అక్కడే తిరుగుతారు. అందుకని అక్కడ గోల్ఫ్ ఆడేవాడు ఇప్పటికీ ఎర్రచొక్కా వేసుకు తీరాలి. మన దగ్గర ఎర్రచొక్కా వేసుకురమ్మనేది పార్టీ ఊరేగింపులకే. అక్కడ మాత్రం "బాబూ, కర్రా బంతీ పట్టుకుని ఒకడొస్తున్నాడు, తల కాచుకోండి" అని దారినపోయేవాళ్లను హెచ్చరించడానికి. నేను చూసినంతలో ఎదుటివాడి మేలు కోరిన డ్రెస్ కోడ్ ఇదొక్కటే. దీనికి నేను రెండు చేతులూ ఎత్తుతాను.

ఆ మాటకొస్తే మైదానం లోపలి మర్యాదలకూ ఎత్తుతాను. ఒకడు బంతి కొట్టేటప్పుడు మిగతావాళ్లు నోరు మెదపరు. వాడి బంతి వెళ్లాల్సిన దారిలో నీడ కూడా పడనివ్వరు. దెబ్బకు గడ్డిపెళ్ల లేస్తే దాన్ని తెచ్చి ఆ గుంటలోనే కప్పుతారు. ఇసకగుంటలో దిగినవాడు బయటికొచ్చే ముందు తన అడుగుల గుర్తులు తనే దంతెతో చదునుచేస్తాడు. బంతి దారి తప్పి జనంమీదికి పోతుంటే "ఫోర్!" అని గొంతు చించుకుంటాడు. సంగీత కచేరీలో ఆలాపన మధ్య ఫోనెత్తి "ఆఁ, కచేరీలో ఉన్నా, చెప్పు" అనే జాతికి చెందినవాణ్ణి నేను. మా వీధిలో కేబుల్ కోసం తవ్విన గుంట పూడ్చడానికి రెండు వానాకాలాలు పట్టింది. గడ్డిపెళ్లను వెతికి తెచ్చి అతికించేవాణ్ణి చూస్తే నాకు నిజంగానే కళ్లు చెమరుస్తాయి.

చిక్కల్లా మైదానం అయిపోయి మేడ మొదలయ్యే చోట ఉంది. బయట నియమాలన్నీ పక్కవాడి ఆట చెడకుండా చూస్తాయి. గుమ్మం దగ్గరికొచ్చేసరికి అవి పక్కవాడు ఎవడో ఆరా తీస్తాయి.

వాల్టర్ హేగన్‌నే తీసుకోండి. అమెరికావాడు, చిన్నప్పుడు సంచులు మోసిన కుర్రాడు, అప్పటికే రెండుసార్లు యు.ఎస్. ఓపెన్ గెలిచినవాడు. 1920లో బ్రిటిష్ ఓపెన్ ఆడదామని ఇంగ్లండ్‌లోని డీల్‌కు వెళ్లాడు. ఆట ఆడి డబ్బు తీసుకునేవాళ్లు క్లబ్‌హౌస్ గడప తొక్కకూడదనీ, బట్టలూ బూట్లూ మార్చుకోవాలంటే పక్కన దుకాణపు గది ఉందనీ చెప్పారు. హేగన్ బట్టల్లో వంక పెట్టడానికేమీ లేదు. ఆ రోజుల్లో అతనంత దర్జాగా తయారయ్యే ఆటగాడు మరొకడు లేడు. అతను వాదించలేదు, ధర్నా చెయ్యలేదు. డ్రైవరుతో సహా ఒక లిమోజిన్ అద్దెకు తీసుకుని, సరిగ్గా క్లబ్‌హౌస్ ముందు నిలబెట్టి, రోజూ అందులోనే బూట్లు మార్చుకున్నాడు. లోపల కిటికీల పక్కన టీ తాగుతున్న దొరల ముఖాలు తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండుతుంది. ఆటలో మాత్రం అతను 53వ స్థానంలో వచ్చాడు. కథలో ఆ ముక్క అభిమానులు కాస్త గొణిగినట్టు చెబుతారు. అదే ఏడు అమెరికాలో, టొలీడో ఊరి ఇన్వర్‌నెస్ క్లబ్బు మొదటిసారిగా ఆటగాళ్లకు తలుపులు తెరిచింది. వాళ్లు చందాలు వేసుకుని ఆ క్లబ్బుకో నిలువెత్తు గడియారం కానుకిచ్చారు. లోపలికి రానిచ్చినందుకే అంత మురిసిపోయారంటే బయట ఎంతకాలం నిలబడ్డారో లెక్కేసుకోండి.

ఆడవాళ్ల సంగతికొద్దాం. 1933లో వెస్ట్‌వర్డ్ హో అనే చోట ఇంగ్లీషు మహిళల పోటీకి గ్లోరియా మినోప్రియో అనే ఆవిడ ప్యాంటు తొడుక్కొచ్చింది. చేతిలో ఆటకు ఒకే ఒక్క కర్ర. సంచినిండా కర్రలేసుకొచ్చే ఆటలో ఒక్కదానితో ఆడతానన్నందుకు ఎవరైనా నోరెళ్లబెట్టాలి. మహిళల గోల్ఫ్ సంఘం మాత్రం ఆట సంప్రదాయ దుస్తుల్ని కాదన్నారంటూ ఆ ప్యాంటు మీద విచారం ప్రకటించింది. ఆవిడ ఓడిపోయింది. ప్యాంటు గెలిచింది, కాకపోతే కొన్ని దశాబ్దాలు ఆలస్యంగా. 2017లో అమెరికా మహిళా గోల్ఫ్ సంస్థ ఆటగత్తెల మెడలు మరీ కిందికి దిగకూడదనీ, దిగితే వెయ్యి డాలర్ల జరిమానా అనీ లేఖ పంపింది. మగవాడి మెడకు కాలర్ లేకపోతే తప్పు, ఆడదాని మెడకు హద్దు లేకపోతే తప్పు. ఇంత మెడపిచ్చి మన నగల దుకాణాలవాళ్లకు కూడా లేదు.

ఆ 1744 నియమాలు రాసినవాళ్ల వారసులే ఇప్పటి మ్యూర్‌ఫీల్డ్ క్లబ్బు. ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోవాలా అని 2016 మే నెలలో ఓటింగు పెట్టుకుంటే, కావాల్సిన మూడింట రెండొంతుల మెజారిటీ రాలేదు. అయితే మీ దగ్గర ఇక బ్రిటిష్ ఓపెన్ పెట్టం అన్నారు నిర్వాహకులు. పది నెలల్లో మళ్లీ ఓటింగు జరిగింది. ఎనభై శాతం మంది పెద్దమనుషులకు జ్ఞానోదయమైంది. అమెరికాలోని ఆగస్టాలో మాస్టర్స్ పోటీ నడిపే క్లబ్బు ఆడవాళ్లను చేర్చుకోవడానికి 2012 దాకా ఆగింది. అక్కడ సభ్యులకు ఆకుపచ్చ కోటు ఇస్తారు, కాని ఇంటికి పట్టుకెళ్లనివ్వరు. గెలిచిన ఆటగాడికి మాత్రం ఒక ఏడాది మినహాయింపు. ఆ కోటు తొడుక్కునే హక్కు కొండలీసా రైస్‌కు దక్కడానికి ముందు ఆవిడ అమెరికా విదేశాంగమంత్రిగా కూడా చేసి రావాల్సివచ్చింది.

ఇక్కడిదాకా నవ్వుతూనే చెప్పాను. సెవ్‌గోలమ్ దగ్గర నాకు నవ్వు రాదు. పాప్వా సెవ్‌గోలమ్ దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టిన భారత సంతతివాడు. చదువు లేదు. సంచులు మోస్తూ ఆట నేర్చుకున్నాడు. కర్రను లోకమంతా పట్టుకునేదానికి తలకిందులుగా, ఎడంచెయ్యి కిందికీ కుడిచెయ్యి పైకీ పెట్టి పట్టుకునేవాడు. ఆ చేతుల్తోనే హాలండ్ వెళ్లి డచ్ ఓపెన్ గెలిచి వచ్చాడు. 1963లో డర్బన్ కంట్రీ క్లబ్బులో నేటల్ ఓపెన్ గెలిచాడు. వాన పడుతోంది. క్లబ్‌హౌస్ తెల్లవాళ్లకే. అందుకని ఓడినవాళ్లు లోపల పొడిగా ఉంటే, గెలిచినవాడికి బహుమతి బయట వానలో ఇచ్చారు. ఆ ఫోటో లోకమంతా తిరిగింది. ఆ రోజు సెవ్‌గోలమ్ చొక్కా గురించి ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ల అభ్యంతరం చొక్కా లోపలి ఒంటితో.

అదంతా పరాయి దేశపు పాపం అనుకుని నిద్రపోవడానికి లేదు. 2017 జూన్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బుకు ఒక సభ్యుడి పిలుపు మీద భోజనానికి వెళ్లిన మేఘాలయ మహిళను, బల్ల దగ్గర కూర్చున్నాక లేచి వెళ్లమన్నారు. ఆవిడ కట్టుకున్నది జైన్‌సెమ్, ఖాసీ ఆడవాళ్ల సంప్రదాయ వస్త్రం. అది పనిమనిషి బట్టల్లా ఉందన్నారని ఆవిడ చెప్పింది. బట్టలమీద మోజున్న ఈ దేశంలో ఒక రాష్ట్రపు పండగబట్ట మరో చోట పనిబట్ట! అంతకు మూడేళ్ల ముందు, 2014లో, చెన్నైలో ఒక హైకోర్టు న్యాయమూర్తిని పంచెతో వచ్చారని క్రికెట్ సంఘం వాళ్ల క్లబ్బులోకి రానివ్వలేదు. అప్పటి ముఖ్యమంత్రి జయలలిత ఊరుకోలేదు. పంచెనో మరో భారతీయ దుస్తులనో చూపించి ఎవరినైనా ఆపితే ఏడాది దాకా జైలు, 25 వేల జరిమానా అని చట్టమే తెచ్చేసింది. మన గోల్కొండలో నయా ఖిల్లా లోపల ఇప్పుడు గోల్ఫ్ మైదానం ఉంది, వందల ఏళ్ల నాటి లావుపాటి ఏనుగుచెట్టు పక్కనే. కాలరు లెక్కే లెక్కయితే ఆ కోట కట్టించిన కుతుబ్‌షాహీలు తమ అంగరఖాలతో గేటు దగ్గరే ఆగాలి. పాత చిత్రాల్లో వాళ్ల మెడల చుట్టూ ముత్యాలున్నాయి గాని కాలర్లు కనిపించవు.

ఇంతలో ఒక కేడీ వచ్చి నా బల్ల మీదే కూర్చున్నాడు. మన భాషలో కేడీ అంటే పోలీసు రికార్డులకెక్కినవాడు. గోల్ఫులో కేడీ అంటే ఇంకొకరి సంచి మోసేవాడు. మొదటిరకం కేడీకి కాలర్ ఉంటే క్లబ్‌హౌస్‌లోకి వెళ్లొచ్చు, వెళ్తూనే ఉంటారని వినికిడి. ఈ రెండోరకం కేడీని నేను బోర్డుతో సరిపోల్చి చూశాను. యూనిఫాం చొక్కాకు నిటారైన కాలర్. చొక్కా లోపలికి దోపి ఉంది. జేబులు ఉబ్బలేదు. కాళ్లకు బూట్లు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ ఆవరణలో పొద్దున్నుంచీ నేను చూసినవాళ్లలో నియమావళిని అక్షరం పొల్లుపోకుండా పాటించినవాడు అతనొక్కడే.

"లోపల టిఫిను బాగుంటుందా?" అన్నాను.

"బాగుంటదంట సార్. పంతొమ్మిదేళ్లు అయింది నేనొచ్చి. వాసన బాగుంటది."

మావాడు విజయగర్వంతో తిరిగొచ్చాడు. చేతిలో క్లబ్బు దుకాణంలో కొన్న టీషర్టూ బూట్లూ ఉన్నాయి. ధర అడగొద్దన్నాడు. లాల్చీ కారులో పడేసి దాన్ని తొడుక్కున్నాను. అది లేత గులాబీరంగు, నాకంటే రెండు సైజులు పెద్దది, కాని కాలర్ ఉంది. బోర్డు దగ్గర నిలబడ్డ గార్డు సెల్యూట్ కూడా కొట్టాడు. గుమ్మం మెట్టెక్కుతుంటే వెనకనుంచి ఆ కేడీ గబగబా వచ్చి, మెట్టు కిందే ఆగి, నాకొక్కడికే వినబడేలా అన్నాడు:

"సార్, రేటు చీటీ వెనకాల వేలాడుతోంది."