నిలదీతకు ముహూర్తం

చిల్లర దొంగతనం జరిగిందని నమ్మి, చేసినవాడెవరో తెలుసని కూడా నమ్మి, ఆ మాట ముఖం మీద అడగడానికి మాత్రం ఏళ్ల తరబడి ముహూర్తం చూసే మనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు గాని, మామిడితోటలకు పేరుపడ్డ తిరువూరు ప్రాంతంలో, ఎ.కొండూరు వంటి ఊళ్లలో, అతని లక్షణాలు సంపూర్ణంగా వికసిస్తాయి. స్టీలు గిన్నె మీద పేరు చెక్కించుకోవచ్చు. చెట్టున ఉన్న మామిడికాయ మీద చెక్కించుకోలేరు. ఎ.కొండూరు మండలం 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది గాని, పొద్దున్నే పెరట్లో కాయలు లెక్కపెట్టే ఇతని అలవాటు మారలేదు.

నిలదీయడానికి బదులు ఇతడు అన్యాపదేశాన్ని, అంటే ఒకరికి తగలవలసిన మాటను మరొకరికి చెబుతున్నట్టు పలికే పద్ధతిని, ఆశ్రయిస్తాడు. పక్కింటివాడు గోడ అవతల పళ్లు తోముకునే వేళ చూసి, "ఈ ఏడు ఉడతలు సంచులు తెచ్చుకుంటున్నాయే" అని భార్యతో గట్టిగా అంటాడు. ఆ వార్త ఆమె వినడం అది పదోసారి. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నవాడి సామెత మీద ఇతనికి అపారమైన గురి ఉండడంవల్ల, అవతలి చేయి భుజం మీదికి పోతుందేమోనని గోడ మీదుగా తొంగిచూస్తాడు. అవతలివాడు తాపీగా నురుగు ఉమ్మి, "అవును బాబాయ్, మా జామచెట్టునూ వదల్లేదు" అని సానుభూతి చూపుతాడు.

పక్కింటి చెత్తకుప్పలోని టెంకలను కర్రతో తిరగేసి, పీచు ఉంటే రసాలనీ లేకుంటే బంగినపల్లి అనీ తేల్చడం ఇతని పరిశోధనలో ఒక అంగం. అనుమానితుల చేత బియ్యం నమిలించి, భయానికి నోరెండి పొడిపిండి ఉమ్మినవాణ్ని దొంగగా తేల్చే పాతకాలపు పరీక్షను ముందుగా తనమీదే చేసుకుని, పొడిపిండి రావడంతో, ఆ శాస్త్రాన్ని అంతటితో విడిచిపెట్టాడు.

చట్టమూ ఇతనికి తెలుసు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 303వ సెక్షను ప్రకారం, 5,000 రూపాయల లోపు విలువగల సొత్తును దొంగిలించి తొలిసారి దోషిగా తేలినవాడు సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ చేయాలి. పక్కింటివాడు బడి ఆవరణ ఊడుస్తున్న దృశ్యాన్ని ఊహించుకుని ఇతడు ఒక పూట సంతోషిస్తాడు. అయితే అర్ధరాత్రి గుండెల్లో నొప్పి వస్తే తిరువూరు దాకా ఆటోలో తీసుకుపోవలసినవాడు ఆ ముద్దాయే కావడంతో ముహూర్తం మళ్లీ వాయిదా పడుతుంది. ఇది పిరికితనమని కొందరంటారు గాని, ఆ మాట అనేవాళ్లకు పక్కిల్లు లేదనుకోవాలి.

వేసవి చివర పక్కింటి నుంచి కొత్తావకాయ వస్తుంది. తొలి ముద్దలోనే తన చెట్టు పులుపును గుర్తుపట్టి, రుజువు దొరికిందని ఉప్పొంగి, ఆ రుజువును రెండు వాయిలు అన్నంతో పూర్తిగా తినేస్తాడు. వచ్చిన గిన్నెను ఖాళీగా పంపకూడదన్న ఆచారం ఉంది గనుక, అందులో నాలుగు పండ్లు పెట్టి పంపాలని భార్య అంటుంది. పంపాలో వద్దో తేలేలోపు గిన్నె వీరి అలమారలోనే స్థిరపడిపోతుంది. ఈ వ్యాసకర్త వంటింట్లోనూ అటువంటి గిన్నె ఒకటి ఉంది. దాని మీద చెక్కిన పేరు ఆ ఇంట్లో ఎవరిదీ కాదు.