బియ్యం లెక్క లేని సమురాయ్

టామ్ క్రూజ్ ‘ది లాస్ట్ సమురాయ్’ (2003) మంచి సినిమానే. సమురాయ్‌ల నాయకుడు కత్సుమొతోగా కెన్ వతనబే తెరమీదికొస్తే పక్కన హీరో ఉన్న సంగతే మరిచిపోతాం. ఆస్కార్‌కు నామినేట్ అయింది కూడా ఆయనే. ఇక అమెరికా సైనికుడైన హీరోగారు ఓ సమురాయ్‌ని చంపి, అతని ఇంట్లోనే మంచాన పడి, అతని భార్య చేతి వంటతో కోలుకుని, ఒక్క చలికాలంలో కత్తిసాములో ఆరితేరతాడు. దానికి బెజవాడ ప్రేక్షకుడు ఉలిక్కిపడడు. ఒకే పాటలో కూలీ కోటీశ్వరుడైపోవడం గాంధీనగర్ థియేటర్లలో చూసి పెరిగిన ఊరిది. పేచీ అల్లా బియ్యం దగ్గరే.

సమురాయ్‌ల హోదాను జపాన్‌లో ‘కొకు’ల్లో కొలిచేవారు. ఒక కొకు అంటే సుమారు 150 కిలోల బియ్యం, ఒక మనిషికి ఏడాది తిండి. ఆ గింజలు పండించింది మాత్రం కత్తి పట్టినవాడు కాదు, బురదలో దిగినవాడు. 1876లో ప్రభుత్వం సమురాయ్‌లు కత్తి కట్టుకు తిరగడాన్ని నిషేధించింది. అదే ఏడాది వాళ్ళ భత్యాలు రద్దు చేసి బాండ్లు చేతిలో పెట్టింది. సినిమాలో కత్తి లాక్కుంటుంటే మన గుండె తరుక్కుపోతుంది. భత్యం గోల మాత్రం కథకు అడ్డురాదు. ఈ కథకు మూలమైన 1877 నాటి సమురాయ్ నాయకుడు సైగో తకమోరి తిరుగుబాటు వెనక పరువుతోపాటు పోయిన రాబడి కూడా ఉందంటే ట్రైలర్ ఏం పండుతుంది పాపం! పైగా అసలు తిరుగుబాటుదార్లు తుపాకులూ ఫిరంగులూ పేల్చారు. తుపాకీ ముట్టని మడి సినిమావాళ్ళదే.

సినిమాను సినిమాగా చూడాలిగానీ కరణం లెక్కల్లా కాదంటారు. సరే. కానీ చల్లపల్లి ఎస్టేటు రైతులు జమీందారీ మీద పోరాడిన డెల్టా ఇది. 1948 చట్టంతో ఆ జమీందారీలు పోయిన కథను హాలీవుడ్ ‘ది లాస్ట్ జమీందార్’ అని తీసి, బందరు రేవులో దిగిన అమెరికా దొర చేత శిస్తు పోయిందని కంటతడి పెట్టిస్తే ఊరుకుంటామా? ‘పెదరాయుడు’ (1995) అరుగు తీర్పులకు మనమూ ఈలలు వేశాం కదా అంటారు. వేశాం, ఒప్పుకోవలసిందే. ఆ మత్తు రుచి తెలిసినవాళ్ళం గనకే ఈ సినిమాలోని మత్తును మనమే ముందు పసిగట్టాలి. చివర్లో ప్రభుత్వ సైనికులు చనిపోతున్న కత్సుమొతో ముందు మోకరిల్లుతారు. నిర్బంధంగా సైన్యంలోకి లాగబడ్డ ఆ కుర్రాళ్ళలో ఎక్కువమంది రైతుబిడ్డలే. తాతల నాటినుంచి కొలిచిన ధాన్యం గుర్తొచ్చి ఒక్కడైనా నిలబడే ఉంటాడేమోనని వెతికితే, దర్శకుడు ఎడ్వర్డ్ జ్విక్ అందరి చేతా దండం పెట్టించేశాడు.