ఎల్‌కేజీకి టెండరు

కిరండూల్ క్వార్టర్లలో ఇలాంటి నాన్న వీధికొకడు తగులుతాడు. సొంతూరు విజయనగరమో, శృంగవరపుకోటో. ఉద్యోగం ఎన్‌ఎండీసీలో, బైలదిల్లా కొండమీది ఇనుప గనిలో. షిఫ్టు బస్సు దిగేసరికి బూట్లమీదా కనుబొమ్మలమీదా ఎర్ర దుమ్ము. గుమ్మంలో కాలు పెడుతూనే అడిగే మొదటి మాట: "పార్సెల్ వచ్చిందా?"

కొడుక్కి నాలుగేళ్ళు నిండాయి. ఎల్‌కేజీలో వెయ్యలేదు. ఊళ్ళో బళ్ళు లేక కాదు, ఈయన చదవకూడనివన్నీ చదివేసి. 2020 నాటి జాతీయ విద్యావిధానం చదివాడు. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం చదివాడు. ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలన్న చోట పసుప్పచ్చ గీత కూడా గీశాడు. "విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకండీ. అంతవరకూ మనల్ని అడిగేవాడు లేడు" అని కూరగాయల బండి దగ్గర కూడా ప్రసంగిస్తాడు. అంచేత బడి ఇంట్లోనే. దానికి హెడ్మాస్టరు ఈయన. క్లాసు టీచరు వాళ్ళావిడ. గంట కొట్టే ప్యూనూ ఆవిడే.

ఈ రకం మనిషికి చదువు చెప్పడం మీద ఆట్టే సరదా ఉండదు. సరంజామా ఎంచడం మీదే ప్రాణమంతా. పాపం, ఉద్యోగం అలాంటిది మరి. ఓ బేరింగు కావాలన్నా ఇండెంటు పెట్టాలి, కొటేషన్లు పిలవాలి, టెక్నికల్ బిడ్డు గట్టెక్కితే తప్ప ధర జోలికి పోకూడదు. ఆ చెయ్యే ఇంట్లోనూ ఆడుతుంది. ఎక్సెల్ షీటు తెరిచి అడ్డంగా మాంటిసోరి కిట్టు, చెక్క పజిళ్ళు, ఫ్లాష్ కార్డులు, జాదూయీ పిటారా, ఏటికొప్పాక బొమ్మలు అని వేశాడు. నిలువుగా ధర, బరువు, రంగు నోట్లో పెట్టుకుంటే ఏమవుతుంది, మూల కంట్లో గుచ్చుకుంటుందా, రిటర్నుకి ఎన్నాళ్ళు గడువు. పిల్లాడికి నచ్చుతుందా అన్న గడి లేదు. వాడు కమిటీ మెంబరు కాదు.

మొదట వచ్చింది మాంటిసోరి కిట్టులోని గులాబిరంగు గోపురం. పది చెక్క ఘనాలు, అడుగుది పది సెంటీమీటర్లు, కొసది ఒక సెంటీమీటరు. 1939లో మరియా మాంటిసోరి మద్రాసు అడయారుకి వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఈయన మాట వింటే ఆవిడ మొన్ననే వచ్చి, కిరండూల్ మీ పూచీ అని ఈయనకి అప్పగించి వెళ్ళిందనిపిస్తుంది. వెర్నియర్ కాలిపర్స్ తీసి కూర్చున్నాడు. పెద్దవి తొమ్మిదీ పాసయ్యాయి. బుల్లిది 9.6 మిల్లీమీటర్లు తేలింది. "తేడా వస్తే పిల్లాడి పరిమాణ జ్ఞానం దెబ్బతింటుంది" అని సెట్టు మొత్తం రిజెక్టు చేశాడు. అరవై అయిదు శాతం ఇనుమున్న రాయి తవ్వే కొండ కింద కాపురం ఉంటూ తక్కువ గ్రేడు సరుకు గడప దాటనిస్తాడా? కాని ఆ ఘనాన్ని పిల్లాడు అప్పటికే తన ప్లాస్టిక్ డంపరులో వేసుకుని వెళ్ళి ఎక్కడో అన్‌లోడ్ చేశాడు. తొమ్మిదింటిని వాపసు తీసుకునేవాడు లేడు. గోపురం ఇప్పుడు టీవీ పక్కన శిఖరం లేకుండా నిలబడి ఉంది.

అసలు చిక్కు భాష దగ్గర. అక్కడ మాత్రం నేను ఈయన్ని ఎగతాళి చెయ్యలేను. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, సంతకి వెళితే గోండీ, హల్బీ. రేపు బదిలీ అయి దోణిమలై వెళితే కన్నడం, పన్నా వజ్రాల గనికి వేస్తే మళ్ళీ హిందీ, హెడ్డాఫీసుకని హైదరాబాదు పంపితే తెలుగు. ఏ అక్షరం ముందు దిద్దించాలో ఏ తండ్రికి మాత్రం తెలుస్తుంది? పోనీ అందరికీ పనికొచ్చేదని 2023 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసిన జాదూయీ పిటారా చూద్దామనుకున్నాడు. ఆటబొమ్మలు, పజిళ్ళు, కథల పుస్తకాలు, పోస్టర్లు, పదమూడు భాషలు. పదమూడు అనగానే ఎక్సెల్ షీటు ఇంకో పేజీకి పాకింది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఫోన్లోకి ఊరికే దించుకోవచ్చని ఎవరో అంటే మొహం మాడ్చుకున్నాడు. ఊరికే వచ్చేదాంట్లో ఎంచడానికేముంది?

ఏటికొప్పాక బొమ్మలు బావమరిది చేతికిచ్చి పంపించారు. లక్కపూత, సహజ రంగులు, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు, వంక పెట్టడానికి లేదు. ఆయన విశాఖలో పొద్దున్నే కిరండూల్ ప్యాసింజరెక్కి, అరకు సొరంగాలు, కోరాపుట్, జగదల్‌పూర్ దాటి వచ్చేసరికి బండి ఆవేళ దంతెవాడ వరకే అన్నారు. అక్కణ్ణుంచి బొమ్మల మూట ఒళ్ళో పెట్టుకుని జీపులో వచ్చాడు. మర్నాడు ఈయన అందులోని ఓ బొంగరాన్ని తిప్పి, "బ్యాలెన్సింగ్ సరిగా లేదు బావా" అన్నాడు. ఆయన ఆ పూటే తిరుగు ప్రయాణం కట్టాడు.

ఇక ఆవిడ సంగతి. ఆవిడకి షీటు లేదు, గడులు లేవు. "నాన్నా, కుక్కరు మూడు కూతలు కూస్తే చెప్పు" అని పప్పు పెట్టి వాణ్ణి వంటింటి గుమ్మంలో కూర్చోబెడుతుంది. రాజ్మా వండినరోజు వాడు ఎనిమిది దాకా వెళ్ళాడు. మధ్యలో ఆవిరి బుస్సుమంటే అది కూతా కాదా అని తల్లీకొడుకులు వాదించుకున్నారు కూడా. చెయ్యి ఖాళీ అయితే పిండి పళ్ళెంలో వాడి వేలు పట్టుకుని 'అ' దిద్దిస్తుంది. ఈయన వచ్చి చూసి, "అది స్టాండర్డ్ మెటీరియల్ కాదు. ఎమ్రీ పేపరుతో అక్షరాలు కత్తిరిస్తున్నాను, ఎన్నో నంబరు గరుకు వాడాలో తేలాలి, ఆగు" అంటాడు.

"ఆగుతానండీ. మీ టెండరు తెరిచేసరికి వాడికి పెళ్ళిచూపులు కూడా అయిపోతాయి" అంటుంది ఆవిడ, పిండి సర్దేస్తూ.

ఇంత జరిగినా ఈయనకి ఊళ్ళో పలుకుబడి ఎక్కువే. బచేలి నుంచి కొత్త దంపతులు సలహాకి వస్తారు. షీటు ముందేసుకుని రెండు గంటలు చెబుతాడు. మీ బాబుకి ఏది బాగా పనికొచ్చిందండీ అని అడిగితే, "ఇంకా ఎవాల్యుయేషన్‌లో ఉంది" అంటాడు.

ఆదివారం విజయనగరం నుంచి నానమ్మ వీడియో కాల్ చేస్తుంది. "ఏట్రా, పలకా బలపం దొరకవేట్రా మీ ఊళ్ళో?" అని ముందు కొడుకుని కడిగేసి, మనవణ్ణి పిలుస్తుంది. "నాయనా, మీ నాన్న అన్నన్ని కొంటన్నాడు కదా, ఏటి నేర్సుకున్నావురా?"

వాడు అట్టపెట్టె మూతకి టేపు అంటిస్తూ, తలెత్తకుండానే చెప్పాడు.

"రిటర్ను పెట్టడం."