అందరికీ ఫస్టే!

పోటీలో గెలవాలంటే బాగా ఆడాలని బడిలో చెప్పారు. మార్కుల పట్టిక రాసే కమిటీలో కుర్చీ దొరికితే ఆడే పనే ఉండదని మాత్రం ఏ సారూ చెప్పలేదు.

ఊళ్ల శుభ్రతకు మార్కులేసే స్వచ్ఛ సర్వేక్షణ్ సంగతే చూడండి. 2016లో 73 నగరాలతో మొదలైనప్పుడు మొత్తం మార్కులు 2,000. 2018కి 4,000 అయ్యాయి. మరుసటేడు 5,000, ఆపైన 6,000, 2022లో 7,500, 2023లో 9,500, 2024-25కి వచ్చేసరికి ఏకంగా 12,500. మా షాద్‌నగర్ చుట్టుపక్కల ప్లాట్ల ధరలు తప్ప ఈ దేశంలో ఇంత జోరుగా పెరిగింది ఇంకోటి నాకు కనిపించలేదు. ఇన్ని వేల మార్కులకు పరీక్ష రాసే ఊరు ఊడ్చుకునే తీరిక ఎప్పుడు చేసుకుంటుందో ఆలోచించారా?

అన్నిట్లోకీ 2018 పట్టిక నాకు మహా ఇష్టం. ఆ 4,000లో మునిసిపాలిటీ చూపించే లెక్కలకూ కాగితాలకూ 1,400. జనం చెప్పే మాటకు 1,400. సర్వే బృందం వచ్చి కళ్లతో చూసినదానికి 1,200. రాసినదానికీ చెప్పినదానికీ ఉన్న విలువ చూసినదానికి లేదన్నమాట. మరుసటేడు సర్టిఫికెట్లకూ వాటా ఇవ్వాలని 5,000ను నాలుగు సమాన భాగాలు చేశారు. కళ్ల వాటా 30 శాతం నుంచి 25 శాతానికి దిగింది. ముక్కుకైతే మొదట్నుంచీ వాటా లేదు.

జనం చెప్పే మాట అన్నాను కదా. మీ ఊరు ఈ పోటీలో పాల్గొంటున్నట్టు మీకు తెలుసా అన్నది కూడా అప్పట్లో అడిగిన ప్రశ్నల్లో ఒకటి. తెలిస్తే ఊరికి మార్కులు! ఇలాంటి పట్టిక చేతికొస్తే ఏ ఊళ్లోనైనా చాయ్ బండి దగ్గర ఏం జరుగుతుందో ఊహించుకోవడం కష్టమేం కాదు.

"అన్నా, ఓటీపీ వచ్చింది సూడు, జర చెప్పు."

"ఎందుకు తమ్మీ? బ్యాంకోళ్లా?"

"కాదన్నా. మన ఊరు సాఫ్‌గున్నదని నువ్వు చెప్పినట్టు."

"మరి గీ మోరీ సంగతి?"

"మోరీకి ఓటీపీ రాదన్నా."

ఆ కుర్రాణ్ని తప్పు పట్టలేం. పట్టిక అడిగిందే వాడు తెచ్చాడు. మోరీ తీస్తే వచ్చే మార్కులకన్నా ఫోన్లు పట్టుకు తిరిగితే వచ్చే మార్కులు ఎక్కువైనప్పుడు పార ఎవరు పడతారు?

పట్టికతో పాటు గదులూ ఉంటాయి. ఇప్పుడు 20 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు ఒకటి, 50 వేల లోపు వాటికి ఒకటి, ఇలా పది లక్షలు దాటిన నగరాల వరకు మొత్తం ఐదు గదులు. ఇది న్యాయమే. షాద్‌నగర్‌ను తీసుకెళ్లి అహ్మదాబాద్ పక్కన నిలబెడితే పోటీ అనిపించుకోదు. కాకపోతే 2011 తర్వాత 2024-25 పోటీ దాకా మన జనాభా లెక్కలే జరగలేదు. అప్పటి షాద్‌నగర్‌కీ, వెంచర్లు మీద పడిన ఇప్పటి షాద్‌నగర్‌కీ పోలికెక్కడ?

గదుల మహిమ మన పక్కనే ఉన్న శంషాబాద్ ఎయిర్‌పోర్టుకూ తెలుసు. ప్రయాణికుల అభిప్రాయాలతో అంతర్జాతీయ విమానాశ్రయాల మండలి చేసే సర్వేలో 2016లో అది ప్రపంచంలోనే మొదటి స్థానం కొట్టింది. ఏడాదికి 50 లక్షల నుంచి కోటిన్నర మంది ప్రయాణించే విమానాశ్రయాల విభాగంలో. మొదటి వాక్యాన్ని మనం గొంతెత్తి చదువుతాం, రెండోదాన్ని గొంతులోనే మింగుతాం. గెలుపు మాత్రం అసలుదే.

గదులు చాలకపోతే మేడ కట్టాలి. 2017 నుంచి 2023 దాకా ఇండోర్ ఏటా ఫస్టే. 2023లో సూరత్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మరీ ఫస్టు. దాంతో 2024-25లో ఇండోర్, సూరత్, నవీ ముంబయి లాంటి వాటిని సూపర్ స్వచ్ఛ లీగ్ అని పై అంతస్తు ఎక్కించేశారు. పది లక్షలు దాటిన నగరాల్లో అహ్మదాబాద్ ఫస్టొచ్చింది. ఇందులో పెద్ద అన్యాయమేమీ నాకు కనిపించదు. బాగా చదివే పిల్లాణ్ని పై క్లాసుకు పంపితే మిగతావాళ్లకూ అవకాశం వస్తుంది. రేపు పై అంతస్తు కూడా నిండిపోతే మాత్రం డాబా మీద రేకుల షెడ్డు వేయక తప్పదు.

ఒలింపిక్స్ వాళ్లకూ ఈ పట్టిక తిప్పలు తప్పలేదు. 2024 పారిస్‌లో మనకు ఆరు పతకాలొచ్చాయి, పాకిస్తాన్‌కు ఒక్కటే. పట్టికలో వాళ్లు 62, మనం 71. వాళ్లది స్వర్ణం, మనకు స్వర్ణమే లేదు. అదే అమెరికా పత్రికల అలవాటు ప్రకారం మొత్తం పతకాలు లెక్కేస్తే మనమే పైన. ఎవరి పట్టిక వారికి ఆనందం.

ఇక ఎంసెట్ గురించి తెలుగువాళ్లకు చెప్పేదేముంది? ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ అన్నారు, 2023లో తెలంగాణలో అది శాశ్వతంగా పోయింది. ఇద్దరికీ అన్నీ సమానంగా వస్తే చివరికి వయసులో పెద్దవాడికే ముందు ర్యాంకు. ముందు పుట్టడం కూడా ప్రతిభే!

ఇంత చూశాక నేనూ ఒక పట్టిక తయారుచేశాను. ఊళ్లో ఇస్రో ఉపగ్రహాల డేటా అందుకునే కేంద్రం ఉందా? 5,000 మార్కులు. 44వ జాతీయ రహదారి ఉందా? 4,000. ఫరూఖ్‌నగర్ అని ఇంకో పేరుందా? 2,000. 2016లో మహబూబ్‌నగర్ జిల్లా నుంచి రంగారెడ్డికి మారిందా? 1,500. మొత్తం 12,500. ఇండోర్‌కు సున్నా. అభ్యంతరాలుంటే ఫలితాలు వచ్చాక స్వీకరిస్తాం.

పట్టిక రాసే పెద్దలు నవ్వి ఊరుకోకుండా మూడు పనులు చేస్తే చాలు. పోటీకి ఏడాది ముందే మార్కుల లెక్క తెలుగులో మునిసిపల్ ఆఫీసు గోడకు అంటించండి. మధ్యలో మార్చకండి. చెప్పాపెట్టకుండా వచ్చి కళ్లతో చూసినదానికి సగం మార్కులివ్వండి. వానాకాలంలో రండి, మోరీ పక్కన నిలబడి వేయండి.