కాల్చిన గుమ్మడి సూప్: కాటన్‌పేట పద్ధతి

గుమ్మడికాయ కోసం డబ్బు పెట్టకండి. ఆయుధపూజ సాయంత్రం బెంగళూరు కాటన్‌పేట మెయిన్ రోడ్డు మీదికి వెళ్తే, ప్రతి షాపు ముందూ, ప్రతి ఆటో ముందూ బూడిద గుమ్మడికాయలు పగిలి, కుంకుమ పూసుకుని పడివుంటాయి. బైకులు జారిపడేలోపు ఏరుకోండి. దిష్టి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కొనే తీరాలని పట్టుబడితే సిటీ మార్కెట్ దగ్గరే. అక్కడ ‘సిహి కుంబళనా, బూదు కుంబళనా?’ అని, అంటే తియ్య గుమ్మడా, బూడిద గుమ్మడా అని కన్నడలో అడుగుతారు. ‘ఏదైనా పర్లేదన్నా’ అనండి. ఒకవేళ తియ్య గుమ్మడే ఇస్తే, తొడిమ ఎండి, తొక్కలో గోరు దిగనంత ముదిరిన కాయ జోలికి పోకండి. లేతది తెచ్చుకోండి. తీపి ఉండదు, నీళ్లుంటాయి. సూప్ అంటే నీళ్లేగా!

ఇక కాల్చడం. ముక్కలకు నూనె పట్టించి, ట్రేలో ఎడంగా పరిచి, 200 డిగ్రీల దగ్గర ముప్పావుగంట ఓవెన్లో పెట్టమంటారు తెలిసినవాళ్లు. గుమ్మడిలో నూటికి తొంభై పాళ్లు నీరే; అది ఎగిరిపోతేనే తీపి చిక్కబడి, అంచులు ఎర్రగా వేగి కమ్మటి వాసన వస్తుందట. తూకం వేసి కొన్న నీటిని ఎవరైనా గాలికి వదులుతారా? 1905లో శివనసముద్రం నుంచి బెంగళూరుకు కరెంటు లాగింది వీధి దీపాలకు గానీ కూరగాయలు మాడ్చడానికి కాదు. కుక్కర్లో పడేసి ఆరు విజిల్స్ రానివ్వండి. ‘కాల్చిన’ అన్న మాట దక్కాలి కాబట్టి, చివర్లో ఒక్క ముక్కను గ్యాస్ మంట మీద బొగ్గు చేసి కలపండి. ఇల్లంతా కంపు కొడితే నాలుగు అగరబత్తీలు వెలిగించండి. మన పేటలో వాటికేం కరువు?

చల్లారనివ్వకుండా, సలసలా కాగుతుండగానే మిక్సీ జార్ అంచుదాకా నింపి మూత బిగించండి. ఆవిరి మూతను ఎగరగొట్టి గోడకు నారింజ రంగు వేస్తుంది. కంగారేం లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఓనర్ అడ్వాన్స్‌లోంచి నెల అద్దె కోసుకుంటాడు, ఎలాగూ. ఆ డబ్బుకు న్యాయం జరగాలిగా. ఈ పనికి మంచి ముహూర్తం చైత్ర పున్నమి. ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరిన కరగ ఊరేగింపు కాటన్‌పేటలోని మస్తాన్ సాబ్ దర్గాకు వచ్చే రాత్రి వీధంతా మేలుకునే ఉంటుంది. మిక్సీ మోతకు ఎవరూ తిట్టరు.

నెయ్యి, క్రీమ్ దరిచేరనివ్వకండి. గుమ్మడిలోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు కావాలంటారు. పట్టకపోతే పోయేదేముంది, రేపు మళ్లీ తాగొచ్చు.

గిన్నెలో పోశాక ఇంట్లో ఎవరూ ముట్టకపోతే చింతపండు పిసికి, బెల్లం వేసి, ఆవాలు, ఎండుమిర్చితో పోపు పెట్టండి. మదనపల్లె నుంచి వచ్చిన అత్తగారు అన్నంలో కలుపుకుని, ‘పులుసు బాగా కుదిరిందే’ అని రెండోసారి వడ్డించుకుంటారు. ఎలా చేశావని అడిగితే, ఓవెన్లో, 200 డిగ్రీల దగ్గర అని చెప్పండి.