పిల్లలకు పొదుపు నేర్పాలంటే ముందు ముంత దాచండి

పిల్లలకు డబ్బు విలువ నేర్పాలనుకునే వాళ్లకి భట్టిప్రోలులో ఉన్న వసతి తెనాలిలో లేదు, రేపల్లెలో లేదు. ఊళ్లోనే విక్రమార్క కోట దిబ్బ అనే పాత బౌద్ధ స్తూపం ఉంది. ఆదివారం పూట పిల్లవాణ్ణి వెంటబెట్టుకెళ్లి, "దాచడమంటే ఇదిరా" అని చూపించండి. 1892లో అలెగ్జాండర్ రే అనే దొర తవ్విస్తే ఆ స్తూపం కడుపులోంచి రాతి పేటికలు బయటపడ్డాయి. లోపల స్ఫటిక భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు, పూసలు. పేటికల మీద చెక్కిన రాతల్లో కుబీరకుడనే రాజు పేరు కూడా ఉంది. కుబేరుడనే అనుకోండి, డబ్బు పాఠానికి అంతకన్నా మంచి శకునం ఏముంటుంది? క్రీస్తుకు ముందే లోపల పెట్టి, రాతి మూత వేసి, పైన ఇటుకల దిబ్బ పేర్చేశారు. రెండు వేల ఏళ్లు ఎవడూ వచ్చి "ఐసుకి ఐదు రూపాయలియ్యి" అనలేదు. మీ ఇంట్లో ముంత కూడా అలాగే ఉండాలి.

ముంత మట్టిదే కొనండి. ప్లాస్టిక్ డబ్బాలకి కింద మూత ఉంటుంది, మూత ఉన్నచోట ఆశ ఉంటుంది. మట్టి ముంతని తలకిందులుగా పట్టుకుని సందులోకి చీపురుపుల్ల దూర్చి మెల్లగా ఊపితే, పుల్ల మీదుగా నాణెం జారి వస్తుంది. నోట్లు రావు, మడతలు అడ్డం పడతాయి. ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేకుండానే పిల్లలకి వస్తుంది. పట్టుబడ్డ రోజు నాలుగు తగిలించండి. పుల్ల మాత్రం పారేయకండి, గ్యాసు బండ వచ్చిన రోజు మీకే పనికొస్తుంది.

ముంత పగలగొట్టాల్సి వస్తే సిగ్గుపడొద్దు, ఇందులోనూ దిబ్బే మనకి ఆదర్శం. పంతొమ్మిదో శతాబ్దంలో కాలువ పనులు చేయించే అధికారులు ఈ స్తూపం చలువరాళ్లు ఊడబీకించి వెల్లటూరు తూముకి పరిపించేశారు. వాళ్లకి నీళ్ల అవసరం, మీకు కరెంటు బిల్లు అవసరం. పిల్లవాడు పెంకుల ముందు కూర్చుని ఏడిస్తే, "మళ్లీ కొత్తది కొంటాలే" అనండి. కొనాలన్న నియమం ఏమీ లేదు.

సంక్రాంతికి తాతయ్య వంద నోటు చేతిలో పెట్టగానే, వాడు దాన్ని విప్పి చూసుకునే లోపల తల్లి అందుకోవాలి. "పారేసుకుంటావు నాన్నా, నా దగ్గర దాస్తాను." ఇది మన ఇళ్లలో తరతరాలుగా నడుస్తున్న బ్యాంకు. కట్టడమే తప్ప తీయడం ఉండదు. ఉగాదికి వాడు గుర్తుచేస్తే, "రోజూ తిండి ఎవరు పెడుతున్నార్రా నీకు?" అని అడగండి. స్టేట్‌మెంటు ఇచ్చినట్టే.

అప్పు గురించి వేరే క్లాసు అక్కర్లేదు. ఆరేళ్లు రాగానే కొట్టుకి పంపండి. అరకిలో కందిపప్పు, ఒక సబ్బు, "అమ్మ పద్దులో రాసుకోమంది" అన్న ఒక్క వాక్యం, అంతే. డబ్బు ఇవ్వకుండానే సరుకు వస్తుందని వాడికి రెండో రోజుకి తెలిసిపోతుంది. మూడో రోజు ఆ పద్దులో ఒక చాక్లెట్ కూడా చేరుతుంది. నెలాఖరున కొట్టు అతను పుస్తకం తిప్పి చదువుతుంటే పిల్లవాణ్ణి మాత్రం దగ్గర ఉండనివ్వకండి. ఆ ఒక్క పేజీతో వాడికి మొత్తం అర్థమైపోయే ప్రమాదముంది.

మగ్గం ఉన్న ఇళ్లలో ఇంకా సులువు. బడి నుంచి వచ్చిన పిల్ల కండెలు చుడుతుంది. చుట్టినన్నిటికీ రెండు రూపాయలో మూడు రూపాయలో ఇస్తామనండి. శనివారం లెక్క చూసేటప్పుడు, తెగిన పోగులకి కొంత, మొన్న కొనిచ్చిన జడపిన్నులకి కొంత పట్టేయండి. నూలు ఇచ్చే షావుకారు తన మజూరీలో అడ్వాన్సు ఎలా పట్టుకుంటాడో తండ్రికి బాగా తెలుసు, ఆ పద్ధతే ఇంట్లో అమలు చేస్తే చాలు. పిల్లకి వారం తిరగకుండా కూడిక కన్నా ముందు తీసివేత వస్తుంది.

పెళ్లిళ్లకి తీసుకెళితే చదివింపులు రాసే ఆయన పక్కన కూర్చోబెట్టండి. భట్టిప్రోలు పేటికల మీదా ఉన్నవి చాలావరకు పేర్లే, ఫలానా గోష్ఠి వాళ్లు, ఫలానా వాళ్ల కొడుకు అని. మన చదివింపుల పుస్తకం కూడా అంతే, పక్కన అంకె ఒక్కటే ఎక్కువ. 116 పక్కన 516, దాని పక్కన 1116. "చివర 16 ఎందుకు నాన్నా?" అంటే శుభం అనండి. "వాళ్లు మనకి 516 రాస్తే మనం 116 ఎందుకు రాశాం?" అంటే లేపి భోజనాలకి పంపేయండి.

ఒకప్పుడు బళ్లలో సంచయిక అని ఒకటి ఉండేది. పిల్లలే పావలా, అర్ధరూపాయి కట్టి, పుస్తకంలో రాయించుకుని, కావలసినప్పుడు వెనక్కి తీసుకునేవారు. ఆ వెనక్కి తీసుకోవడంతోనే పిల్లలు చెడిపోయారని నా అభిప్రాయం. ఇప్పుడు ఇంకా ఘోరం. పదేళ్లు దాటినవాళ్లు సేవింగ్స్ ఖాతా సొంతంగా నడుపుకోవచ్చని 2014లో రిజర్వు బ్యాంకే చెప్పింది. పోస్టాఫీసులోనూ అంతే. పదేళ్ల పిల్లవాడు కౌంటరు ముందు మునివేళ్ల మీద నిలబడి సంతకం పెట్టి తన డబ్బు తాను తీసుకుంటే, ఇక ఇంట్లో పెద్దల మాటకి విలువేముంది? ఆ సంగతి వాడి చెవిన పడకుండా చూసుకోండి.

ఆడపిల్లకైతే పదేళ్లు నిండకముందే సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. ఇది మాత్రం నిజంగా మంచి పథకం. ఏడాదికి కనీసం 250 రూపాయలు, మరిచిపోయిన ఏడాదికి 50 జరిమానా. 15 ఏళ్లు కట్టాలి, తెరిచిన 21 ఏళ్లకి మొత్తం చేతికొస్తుంది. ఉన్న లోపమల్లా ఒక్కటే, 18 నిండాక ఖాతా ఆ పిల్లే నడుపుకోవాలట. పై చదువుకి సగం దాకా తీసుకోవచ్చట కూడా. అందుకని పాస్‌బుక్కు బీరువాలో పట్టుచీరల మడతల్లో పెట్టి తాళంచెవి మొలలో దోపుకోండి. అందులో ఎంతుందో పిల్లకి చెప్పకండి. పెళ్లిచూపులకొచ్చిన వాళ్లకి మాత్రం కాఫీ గ్లాసు అందిస్తూ చెప్పేయొచ్చు.